నాన్నగారి అంబాసిడర్‌కు ఇంజిన్ మార్చాలా?

ప్రశ్న: మాది తణుకు. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. మా నాన్నగారికి 1978 మోడల్ అంబాసిడర్ మార్క్ 3 ఉండేది, పెట్రోలు బండి. మా చిన్నప్పుడు పెళ్లిళ్లకీ పేరంటాలకీ, ఆసుపత్రికీ, అన్నవరానికీ అన్నిటికీ అదే. నాన్నగారు రెండేళ్ల క్రితం కాలం చేశారు. అప్పటినుంచి బండి షెడ్డులోనే ఉండిపోయింది. మొన్న వేసవిలో కొత్త బ్యాటరీ వేసి, పెట్రోలు మార్చి, అమ్మని అన్నవరం తీసుకెళదామని బయలుదేరాం. బండి అసలు లాగలేదు. సిద్ధాంతం వంతెన దాటి రావులపాలెం చేరేసరికి హీటు ముల్లు చివరికి వెళ్లిపోయింది. వెనక నీలం పొగ. ముందు చక్రాల దగ్గర కాలిన వాసన కూడా వచ్చింది, ఇంజిన్ వేడికేమో అనుకున్నాం. నీళ్లు పోసుకుంటూ వెనక్కి తిరిగి వచ్చేశాం. మా మేస్త్రీ చూసి, 'ఇంజిన్ బోరుకొచ్చింది, దీనిమీద డబ్బు పెట్టడం దండగ. నా దగ్గర ఇసుజు 1800 ఇంజిన్ ఉంది, ఐదు గేర్ల బాక్సుతో సహా ఎక్కించి లక్షా అరవై వేలకి పూర్తిచేసి ఇస్తా, ఏసీ కూడా పెట్టుకోవచ్చు' అంటున్నాడు. తమ్ముడు డీజిల్ వేయిద్దామంటాడు. మా అబ్బాయి ఎలక్ట్రిక్ చేయిద్దామంటాడు. అమ్మ మాత్రం 'నాన్నగారు ఎలా ఉంచారో అలాగే ఉంచండిరా' అంటోంది. నాకు ఏడాదికి నాలుగైదుసార్లు ఆ బండిలో తిరగాలని ఉంది, వీలైతే ఒకసారి హైదరాబాద్ దాకా తీసుకురావాలని కూడా. ఏం చేయమంటారు?

సమాధానం: ఇప్పుడు ఇంజిన్ మార్చకండి. మేస్త్రీకి అడ్వాన్సు ఇవ్వకపోతే ఇవ్వకండి, ఇచ్చి ఉంటే పని మొదలుపెట్టకుండా ఆపమని ఈరోజే ఫోన్ చేయండి. అతను చెడ్డవాడని కాదు. బోరుకొచ్చిందంటే సిలిండర్ల లోపలి గోడలు అరిగిపోయాయని. మీరు రాసినదాన్ని బట్టి అతను హెడ్ (సిలిండర్ల పైన ఉండే మూత) విప్పలేదు, కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి ఎంత గట్టిగా నొక్కుకుంటోందో) చూడలేదు. పొగ చూసి తీర్పు చెప్పేశాడు. 47 ఏళ్లు దాటిన బండి రెండేళ్లు కదలకుండా ఉండి, ఒక్కసారిగా ఎండలో హైవే ఎక్కితే పొగ రావడం, హీటెక్కడం వింత కాదు. అందులో ఎంత భాగం ఇంజిన్ తప్పో ఇంకా ఎవరికీ తెలియదు.

మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట ఒకటుంది. 'ముందు చక్రాల దగ్గర కాలిన వాసన' అన్నారు. ఇంజిన్ వేడి వాసన బానెట్ నుంచి వస్తుంది, చక్రాల దగ్గర రాదు. మార్క్ 3కి నాలుగు చక్రాలకీ డ్రమ్ము బ్రేకులే. రెండేళ్లు కదలకుండా ఉంటే చక్రంలోని సిలిండర్లు తుప్పుపట్టి బిగుసుకుంటాయి. పెడల్ తొక్కినప్పుడు లైనర్లు డ్రమ్ముకి అతుక్కుంటాయి, కాలు తీసినా వెనక్కి రావు. అంటే మీరు తణుకు నుంచి రావులపాలెం దాకా సగం బ్రేకు మీదే బండి నడిపి ఉంటారని నా అనుమానం. లాగకపోవడానికీ హీటెక్కడానికీ అదొక్కటే సగం కారణం కావచ్చు.

ఇది తేల్చడానికి పైసా ఖర్చు లేదు. బండిని షెడ్డు ముందు చదునైన చోట నిలిపి, వెనక చక్రాలకి రాయి పెట్టి, గేరు న్యూట్రల్ చేసి ముందు చక్రం జాకీ మీద లేపండి. చేత్తో తిప్పండి. సవ్యంగా ఉన్న చక్రం ఒకటి రెండు చుట్లు తనంతట తనే తిరిగి ఆగుతుంది. బిగుసుకున్నది మీరు తిప్పినంతే తిరుగుతుంది, డ్రమ్ములోంచి గీరుకుంటున్న చప్పుడు వస్తుంది. నాలుగు చక్రాలూ అలా చూడండి. బ్రేకుల పని పూర్తిగా చేయించండి: వీల్ సిలిండర్లు, మాస్టర్ సిలిండర్, రబ్బరు పైపులు, కొత్త బ్రేక్ ఆయిల్. ఇంజిన్ సంగతి ఏమైనా సరే ఈ ఖర్చు మాత్రం తప్పదు, దానికి వెనకాడకండి.

తర్వాత నీళ్లు. రేడియేటర్ కోర్ సున్నంతో మూసుకుపోతుంది, బోరు నీళ్లు పోసే ఇళ్లలో మరీను. ఇంజిన్ కాసేపు నడిపి ఆపేసి, ఫ్యాను నిలిచాక కోర్ మీద అక్కడక్కడా చెయ్యి ఆనించి చూడండి. కొన్నిచోట్ల వేడిగా, కొన్నిచోట్ల చల్లగా ఉంటే చల్లగా ఉన్న గొట్టాల్లో నీళ్లు ఆడటం లేదు. రేడియేటర్ విప్పి రాడ్డింగ్, అంటే గొట్టాల్లో సన్నని కడ్డీ దూర్చి శుభ్రం చేయించాలి. థర్మోస్టాట్, అంటే ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లను ఆపే కవాటం, ఉందో లేదో కూడా చూడమనండి. మన ప్రాంతంలో బండి హీటెక్కగానే మొదట థర్మోస్టాట్ పీకేయడం చాలామంది మేస్త్రీలకు అలవాటు. దానివల్ల రోగం పోదు సరికదా, చల్లటి ఇంజిన్ ఎప్పటికీ సరైన వేడికి రాక బోరు ఇంకా త్వరగా అరుగుతుంది. ఇంకో పరీక్ష పొద్దున్నే చేయాలి, ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు. రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేసి నీళ్లలోకి చూడండి. ఆగకుండా బుడగలు వస్తుంటే హెడ్ గ్యాస్కెట్ (హెడ్‌కీ కింది బ్లాక్‌కీ మధ్య ఉండే పొర) పోయినట్టు, లేదా హెడ్‌కో బ్లాక్‌కో పగులు ఉన్నట్టు. వేడి మీద మాత్రం ఆ మూత ముట్టుకోవద్దు.

ఇక అసలు ఇంజిన్. ఒక కంప్రెషన్ గేజి ఉన్న మెకానిక్‌ను ఇంటికి పిలిపించుకోండి, మీరు పక్కనే నిలబడండి. ఇంజిన్ వేడి చేశాక నాలుగు స్పార్క్ ప్లగ్గులూ విప్పి, దినపత్రిక పరిచి 1, 2, 3, 4 అని రాసి వరుసగా పెట్టండి. కాఫీ పొడి రంగులో పొడిగా ఉన్న ప్లగ్గు మంచిది. నల్లగా, తడిగా, నూనె జిడ్డుతో ఉన్నది ఆ సిలిండర్‌లోకి ఆయిల్ దిగుతోందని చెబుతుంది. నాలుగూ ఒకేలా ఉన్నాయా, ఒక్కటే జిడ్డుగా ఉందా అన్నది ముఖ్యం. ఆ పేపరుని ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. తర్వాత యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి, ఒక్కో రంధ్రంలో గేజి పెట్టి ఐదారు చుట్లు సెల్ఫ్ కొట్టాలి. ఇది తక్కువ కంప్రెషన్‌తో పుట్టిన పాతకాలపు ఇంజిన్, ఈనాటి కార్ల అంకెలు దీనికి రావు. నాలుగూ చదరపు అంగుళానికి 120 పౌండ్ల చుట్టుపక్కల, ఒకదానికొకటి దగ్గరగా ఉంటే మీ మేస్త్రీ మాట తప్పు. నాలుగూ 80, 90ల్లోకి పడిపోతే అరుగుదల ఉంది. మూడు బాగుండి ఒకటే పడిపోతే ఇంజిన్ మొత్తాన్ని తిట్టాల్సిన పనిలేదు. పక్కపక్కనే ఉన్న రెండు పడిపోతే వాటి మధ్య గ్యాస్కెట్ కాలి ఉంటుంది.

తక్కువ వచ్చిన సిలిండర్‌లో ప్లగ్గు రంధ్రం నుంచి ఒక పెద్ద చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ గేజి పెట్టమనండి. ఇది పాత పద్ధతే కానీ దీన్ని మించింది లేదు. అంకె బాగా పెరిగితే గాలి పిస్టన్ చుట్టూ ఉండే రింగుల పక్కనుంచి పోతోంది, ఆయిల్ ఆ సందు మూసింది. పెరగకపోతే పోతున్నది వాల్వుల దగ్గర. మొదటిదైతే కింద పిస్టన్ల పని, రెండోదైతే హెడ్ పని మాత్రమే. రెండింటి ఖర్చుకీ చాలా తేడా ఉంది.

ఇక్కడ తొందరపడకూడని విషయం ఒకటి చెప్పాలి. రెండేళ్లు నిలబడిన ఇంజిన్‌లో రింగులు వాటి గాడుల్లో మడ్డికి అతుక్కుపోతాయి. అవి అరిగిపోయినవి కావు, ఇరుక్కున్నవి. గేజి మీద మాత్రం రెండూ ఒకేలా కనిపిస్తాయి. అందుకని ఒక్కో సిలిండర్‌లో కొంచెం పల్చని ఆయిల్ పోసి రెండు రాత్రులు వదిలేయండి. తర్వాత ప్లగ్గులు లేకుండా సెల్ఫ్ కొట్టి ఆ ఆయిల్ బయటికి పోనిచ్చి, ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్ మార్చి, బ్రేకులు బాగయ్యాక, తణుకు చుట్టుపక్కల రోడ్ల మీద నెమ్మదిగా రెండు మూడు వందల కిలోమీటర్లు తిప్పండి. మళ్లీ గేజి పెట్టండి. 85 చూపించిన ఇంజిన్ 110 చూపించడం నేను ఒకటి కంటే ఎక్కువసార్లు చూశాను.

నీలం పొగ ఎప్పుడు వస్తుందో కూడా గమనించండి. పొద్దున స్టార్ట్ చేయగానే ఒక దమ్ము వచ్చి ఆగిపోతే, లేదా వంతెన దిగేటప్పుడు కాలు తీసి మళ్లీ తొక్కగానే గుప్పుమంటే వాల్వ్ గైడ్‌ల (వాల్వు కాడ కదిలే గొట్టాల) దగ్గర ఆయిల్ దిగుతోంది. ఎత్తు ఎక్కేటప్పుడు తొక్కినంతసేపూ వస్తూనే ఉంటే రింగులు. ఆయిల్ పోసే మూత తీసి చూస్తే లోపలినుంచి పొగ దమ్ములు దమ్ములుగా కొడుతుంటే అదీ రింగుల సంగతే. గేర్‌బాక్స్ ముందు కింద ఆయిల్ చుక్కలు పడుతుంటే మాత్రం భయపడకండి. ఈ ఇంజిన్‌కి వెనకవైపు క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) దగ్గర ఈ కాలం తరహా రబ్బరు సీలు ఉండదు. క్రాంక్ మీదే చెక్కిన మర ఆయిల్‌ను లోపలికి తిప్పి పంపాలి. నాలుగు చుక్కలు కారడం దానికి పుట్టుకతో వచ్చిన గుణం.

పుట్టుక అంటే గుర్తొచ్చింది, మీ బండిలో ఉన్నది ఏమిటో మీ అబ్బాయికి చెప్పండి. ఇంగ్లాండ్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 కారే ఇక్కడికి వచ్చి అంబాసిడర్ అయింది. బెంగాల్‌లో హుగ్లీ ఒడ్డునున్న ఉత్తరపారలో హిందూస్థాన్ మోటార్స్ 2014 మే దాకా దాన్ని తయారుచేసింది. మీ బండి ఇంజిన్ బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బి-సిరీస్, 1489 సీసీ. ఇనుప బ్లాక్, ఇనుప హెడ్, క్రాంక్‌కు మూడే మూడు మెయిన్ బేరింగులు. శక్తి 50 హార్స్‌పవర్ చుట్టూ. గంటకి 60, 70లో రోజంతా వెళుతుంది. 90లో అరగంట పరిగెత్తిస్తే దానికి కష్టం. అందుకే దీని పవర్ పెంచుదాం, కార్బురేటర్ పెద్దది వేద్దాం, హెడ్ బాగా గీయించి కంప్రెషన్ పెంచుదాం అని ఎవరైనా అంటే వద్దనండి. మూడు బేరింగుల క్రాంక్ ఆ బరువు మోయడానికి చేసింది కాదు.

పరీక్షల్లో నిజంగానే బోరుకొచ్చిందని తేలితే రీబోర్, అంటే సిలిండర్లను కొంచెం పెద్దగా తొలిచే పని, చేయించండి. ఇంజిన్ మార్పిడి ముచ్చట వద్దు. బోరు కొలిపించి, ఎంత అరిగితే అంతకి సరిపోయే ఓవర్‌సైజ్ పిస్టన్లు ముందు కొని, ఆ పిస్టన్ల కొలతకి బోరు చేయించాలి. బోరు ముందు చేసేసి పిస్టన్ల కోసం తిరగడం కాదు. క్రాంక్ గ్రైండింగ్ అవసరమో లేదో కొలత చెబుతుంది, మేస్త్రీ కన్ను కాదు. బి-సిరీస్ మీద చేయి తిరిగిన లేత్ వాళ్లు విజయవాడ ఆటోనగర్‌లో ఇంకా ఉన్నారు, ట్యాక్సీ అంబాసిడర్ల కాలంలో నేర్చుకున్నవాళ్లు. సామాను సికింద్రాబాద్ రాణీగంజ్‌లో అడగండి, దొరక్కపోతే కోల్‌కతా మల్లిక్ బజార్ నుంచి తెప్పిస్తారు. పనిమంతుణ్ణి దొరకబుచ్చుకోవడమే కష్టం. ఇంకో పదేళ్లకి ఇంకా కష్టం, కాబట్టి చేయించేదేదో ఇప్పుడు చేయించండి.

హెడ్ విప్పినప్పుడు రెండు పనులు తప్పకుండా చెప్పి చేయించండి. మొదటిది, ఎగ్జాస్ట్ వాల్వులు ఆనుకునే చోట గట్టి సీట్లు. ఈ ఇంజిన్ పుట్టినప్పుడు పెట్రోలులో సీసం ఉండేది. ఆ సీసం వాల్వుకీ సీటుకీ మధ్య మెత్తగా పనిచేసేది. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతా సీసం లేని పెట్రోలే. మామూలు ఇనుప సీటు క్రమంగా దిగబడిపోతుంది, వాల్వ్ గ్యాప్ తగ్గిపోయి కంప్రెషన్ పోతుంది. నాన్నగారు ఎప్పుడైనా మార్పించి ఉంటే సరే, లేకపోతే ఇప్పుడు గట్టి సీట్లు కొట్టించండి. రెండోది, పెట్రోలు దారి మొత్తం. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. అది పాత రబ్బరుని మెత్తబరుస్తుంది, నీటిని పీల్చుకుంటుంది. ట్యాంక్ కడిగించి, పైపులన్నీ ఇథనాల్‌కి తట్టుకునే రకం వేయించండి. పంపు డయాఫ్రం కూడా మార్పించండి. కార్బురేటర్‌లో గాలి-పెట్రోలు మిక్చర్ కొంచెం చిక్కగా సర్దించాలి, లేకపోతే పల్చబడి మళ్లీ హీటెక్కుతుంది. నాన్నగారు వేసవిలో ఇంజిన్ దగ్గరున్న పెట్రోలు పంపు వేడెక్కకుండా దానిమీద తడిగుడ్డ వేసేవారు కదా? మీరూ డిక్కీలో ఒక పాత తువ్వాలు, నీళ్ల క్యాను ఉంచుకోండి.

ఇప్పుడు ఇసుజు మాటకి వస్తాను. మీ మేస్త్రీ చెప్పినది గాలివాటు మాట కాదు. 1990ల మొదట్లో హిందూస్థాన్ మోటార్స్ వాళ్లే 1817 సీసీ ఇసుజు పెట్రోలు ఇంజిన్‌నీ ఐదు గేర్ల బాక్సునీ అంబాసిడర్‌లో పెట్టారు. మంచి ఇంజిన్, హైవే మీద హాయిగా లాగుతుంది. అయితే ఆ బండిని దానికి తగ్గట్టు కంపెనీయే తయారుచేసింది. మీ మార్క్ 3లో గేరు రాడ్డు స్టీరింగ్ పక్కన ఉంటుంది. ఇసుజు బాక్సుకి కింద ఉంటుంది, దానికోసం అడుగు రేకు కోయాలి, మీ అమ్మగారు కూర్చునే పొడుగాటి ముందు సీటు కదిలించాలి. ఇంజిన్ మౌంటింగులు, ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడవు, రేడియేటర్, సైలెన్సర్ పైపు, క్లచ్ అమరిక, స్పీడోమీటర్ కేబుల్ ఒక్కొక్కటీ మారాలి. లక్షా అరవై వేలలో ఇవన్నీ ఉన్నాయా అని అడగండి. బ్రేకులు ఉన్నాయా అని ముఖ్యంగా అడగండి. 50 హార్స్‌పవర్ బండి ఆగడానికి చేసిన డ్రమ్ములు 75 హార్స్‌పవర్ బండిని ఆపాలంటే ఎలా?

ఇది నేను పుస్తకం చూసి చెప్పడం లేదు. డీజిల్ చాలా చౌకగా దొరికే రోజుల్లో నా మార్క్ 4లో నేనే ఒక పాత డీజిల్ ఇంజిన్ వేయించాను. పని చేసినవాడు పేరున్నవాడే. ఇంజిన్ బాగానే కూర్చుంది. ముందువైపు బరువు పెరిగిందని, డీజిల్ ఇంజిన్ దిగుడులో పెట్రోలు ఇంజిన్ అంత గట్టిగా బండిని పట్టి ఉంచదని అతను చెప్పలేదు, నాకు తెలియదు. రాయచోటి నుంచి కడపకి వస్తూ గువ్వలచెరువు ఘాట్‌లో మూడో మలుపు దగ్గర పెడల్ మెత్తబడింది. నాలుగో మలుపులో నేల దాకా దిగిపోయింది. వెనక సీట్లో నా భార్య, ఇద్దరు పిల్లలు. సెకండ్ గేర్‌లోకి బలవంతంగా దించి, హ్యాండ్‌బ్రేక్ లాగుతూ, కొండ పక్కనున్న మట్టి గుట్టకి బండిని ఆనించి ఆపాను. చక్రాల దగ్గర మీరు చెప్పిన వాసనే వచ్చింది, అందుకే మీ ఉత్తరంలో ఆ మాట దగ్గర ఆగిపోయాను. డ్రమ్ములు చల్లారడానికి గంటపైన పట్టింది. ఆ గంటసేపు పిల్లలు బండి ఎక్కనని రోడ్డు పక్కన రాయి మీద కూర్చున్నారు.

ఆ బండి కథ అక్కడితో అయిపోలేదు. ఐదేళ్ల తర్వాత అమ్మబోతే, ఇన్‌స్పెక్టర్ పెన్సిల్‌తో తీసిన ఇంజిన్ నంబరు ఆర్‌సీలో ఉన్నదానితో కలవలేదు. ఎక్కించిన ఇంజిన్ ఏ బండిలోదో చెప్పే కాగితం నా దగ్గర లేదు. దొంగిలించిన బండిలోది కాదని నిరూపించుకోలేకపోయాను. పేరు మార్పు కాలేదు. చివరికి తూకానికి అమ్మాను. ఆ బండి నా మొదటి జీతాలతో కొన్నది.

అందుకే కాగితాల గురించి కొంచెం వివరంగా రాస్తాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట చెప్పిన వివరాలకు తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదు. ఈ సెక్షన్ మీద సుప్రీంకోర్టు కూడా 2019 జనవరిలో ఇదే మాట గట్టిగా చెప్పింది. అదే రకం ఇంజిన్ పాతది పోయి ఇంకొకటి వేసుకోవడం వేరు, దానికి ఆర్‌టీఓ అనుమతి తీసుకుని కొత్త నంబరు ఆర్‌సీలో ఎక్కించుకోవచ్చు. 1489 సీసీ బండిలో 1817 సీసీ ఇంజిన్ కూర్చోబెట్టడం వేరు. అదే కంపెనీ తర్వాత వాడిన ఇంజిన్ కాబట్టి ఒప్పుకుంటారని మేస్త్రీ అనవచ్చు. ఒప్పుకునేది అతను కాదు, రిజిస్టరింగ్ అధికారి. పని మొదలుపెట్టక ముందు రాతపూర్వకంగా అడగాలి, జవాబు కాగితం మీద రావాలి. 2019 సవరణ తర్వాత అనుమతి లేని ఒక్కో మార్పుకీ 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ వేయవచ్చు. ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పకుండా ఇంజిన్ మారిస్తే ప్రమాదం జరిగిన రోజున క్లెయిమ్ తిరస్కరించడానికి వాళ్లకి మనమే కారణం చేతికిచ్చినట్టు.

దీనికంటే ముందు చేయాల్సిన పని ఇంకొకటుంది, మీ ఉత్తరంలో దాని ఊసే లేదు. ఆర్‌సీ ఇంకా నాన్నగారి పేరునే ఉందా? ఉంటే మీరు ఏ మార్పుకీ దరఖాస్తు పెట్టలేరు. యజమాని పోయాక వారసుడి పేరుకి మార్చడానికి ఫారం 31 ఉంటుంది, మూడు నెలల్లో పెట్టాల్సింది. ఆలస్యమైంది కాబట్టి ఏదో కొంత అదనంగా కట్టాల్సి రావచ్చు, కట్టి చేయించుకోండి. మరణ ధ్రువపత్రం, అమ్మగారిదీ తమ్ముడిదీ అభ్యంతరం లేదన్న కాగితం సిద్ధం చేసుకోండి. 15 ఏళ్లు దాటిన బండి రిజిస్ట్రేషన్‌ను ఐదేళ్లకోసారి పునరుద్ధరించాలి, అది ఎప్పటిదాకా ఉందో చూడండి. అప్పుడే కిరసనాయిలు గుడ్డతో బ్లాక్ తుడిచి ఇంజిన్ నంబరు ఆర్‌సీతో పోల్చుకోండి. ఇన్నేళ్లలో నాన్నగారికి ముందు ఎవరో మార్చి ఉండవచ్చు కూడా.

అసలు ఇంజిన్ ఉంచుకోమనడానికి ఇంకో కారణం ఉంది. 2021లో కేంద్రం వింటేజ్ వాహనాల నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, ఇంజిన్, ఛాసిస్, బాడీ పెద్దగా మార్చకుండా మొదటి రూపంలో ఉన్న బండ్లకి ప్రత్యేక రిజిస్ట్రేషన్ ఇస్తారు. మీ బండి 1978లోనే రిజిస్టర్ అయితే 2028కి 50 నిండుతాయి. ఆ నంబరు తీసుకుంటే రోజువారీ తిరగడానికి వీల్లేదు, ప్రదర్శనలకీ ర్యాలీలకీ మాత్రమే, కాబట్టి మీకు అది కావాలో వద్దో అప్పుడు ఆలోచించుకోవచ్చు. ఇప్పుడు ఇసుజు ఎక్కిస్తే మాత్రం ఆ ఆలోచనకి అవకాశమే ఉండదు.

తమ్ముడి డీజిల్ ఆలోచన మీద ఇంక చెప్పేదేమీ లేదు, నా ఘాట్ కథ చదివించండి. మీ అబ్బాయి ఎలక్ట్రిక్ మాట మాత్రం కొట్టిపారేయను. దానికి చట్టంలో దారి ఉంది: పరీక్షా సంస్థ ఆమోదం పొందిన కిట్‌ను, దాన్ని బిగించడానికి అధికారం ఉన్నవాళ్లు బిగిస్తే ఆర్‌సీలో ఎక్కుతుంది. కానీ ఏడాదికి నాలుగైదుసార్లు తిరిగే బండికి అంత ఖర్చు పెట్టి, మిగతా రోజులు బ్యాటరీని షెడ్డులో వృథాగా ఉంచడం నాకు సబబుగా తోచలేదు. రోజూ తిరిగే బండి అయితే ఇంకోలా చెప్పేవాణ్ణి.

నేను ఇంజిన్ మార్చమనే సందర్భం ఒకటే. బ్లాక్ పగిలి, కుట్టు వేసినా నిలవని స్థితిలో ఉంటే. అప్పుడు కూడా ఇంకో 1489 పెట్రోలు ఇంజిన్ వెతకండి, బిల్లుతో, అది వచ్చిన బండి ఆర్‌సీ కాపీతో, ఆ బండి రిజిస్ట్రేషన్ రద్దయిన కాగితంతో. ఈ మూడూ ఇవ్వలేనివాడి దగ్గర ఎంత చౌకగా వచ్చినా కొనవద్దు. పాత బ్లాక్‌ని పారేయకుండా షెడ్డులోనే ఒక మూల ఉంచండి.

హైదరాబాద్ ప్రయాణం గురించి అడిగారు. ఈ ఏడాది వద్దు. బ్రేకులు, రేడియేటర్, పెట్రోలు పైపులు అయ్యాక మొదట తణుకులోనే తిప్పండి. తర్వాత పెరవలి దాకా, ఆ తర్వాత రావులపాలెం దాకా, ఎక్కడైనా ఆగిపోతే ఇంటికి తెచ్చుకోగలిగినంత దూరమే. ధనుర్మాసంలో తెల్లవారుజామున చల్లగా ఉంటుంది, అప్పుడు అమ్మగారిని అన్నవరం తీసుకెళ్లండి. హైవేలో ఎడమ లేన్‌లో 60 దాటకుండా వెళ్లండి, లారీలు హారన్ కొడితే కొట్టనివ్వండి. రత్నగిరి ఘాట్ ఏ గేర్‌లో ఎక్కారో అదే గేర్‌లో దిగండి, పెడల్ మీద కాలు ఆనించి ఉంచకండి.

కంప్రెషన్ చూపించిన రోజున ఆ నాలుగు అంకెలు, ఆయిల్ పోశాక వచ్చిన అంకెలు, పేపరు మీద ప్లగ్గుల ఫొటో నాకు పంపండి. రీబోర్ కావాలో, హెడ్ పనితో సరిపోతుందో వాటిని చూసి చెబుతాను.